లాఠీ ముందు ఎత్తిన ఫోను
(విజయవాడలో చేసిన బొజ్జా తారకం స్మారకోపన్యాసం పాఠం)



బొజ్జా తారకం గారి పేరు వినగానే మనలో చాలామందికి కారంచేడు గుర్తొస్తుంది. 1985 జూలైలో ఆ ఊళ్లో దళితుల మీద జరిగిన హత్యాకాండ తర్వాత, హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలబడిన మనిషి ఆయన. కొందరికి ఆయన కవిత్వం గుర్తొస్తుంది, కొందరికి ఎమర్జెన్సీ జైలు గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఒక పుస్తకం, ‘పోలీసులు అరెస్టు చేస్తే’. చట్టం చదువుకోని మనిషికి చట్టాన్ని అర్థమయ్యే తెలుగులో చెప్పడం ఎంత పెద్ద పనో ఆ పుస్తకం చేతపట్టిన ప్రతి జూనియర్ లాయరుకూ తెలుసు. స్టేషన్ గుమ్మం ముందు నిలబడ్డ తల్లికి సుప్రీంకోర్టు తీర్పు నంబరు అక్కర్లేదు. తన కొడుకుని ఎప్పటిలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలో తెలిస్తే చాలు. తారకం గారు ఆ తల్లి కోసం రాశారు.

ఆ పుస్తకం వచ్చిన రోజుల్లో కూలి మనిషి చేతిలో కెమెరా లేదు. ఇప్పుడుంది. అందుకని ఈ సాయంత్రం ఆ పుస్తకానికి ఇవాళ చేర్చవలసిన ఒక అధ్యాయం గురించి మాట్లాడతాను. రోడ్డు మీద పోలీసులు చేస్తున్న పనిని మామూలు మనిషి ఫోనులో తీయవచ్చా? తీస్తే వాళ్లు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తీసే హక్కు మనకుంది. కానీ మన రాష్ట్రంలో అమలయ్యే చట్టాల్లో ఎక్కడా అది సూటిగా రాసిలేదు. రాసిలేని హక్కు కానిస్టేబుల్ చెయ్యి చాచగానే పోతోంది. దాన్ని మన రాష్ట్ర చట్టంలో రాయించుకోవాలి.

తెనాలి సంగతితో మొదలుపెడతాను. 2025 ఏప్రిల్ చివర్లో ఐతానగర్‌లో ముగ్గురు యువకుల్ని పోలీసులు నడిరోడ్డు మీద కూర్చోబెట్టి కొట్టారు. ఆ వీడియో చూడనివాళ్లు ఈ హాల్లో తక్కువే ఉంటారు. కాళ్లు బారజాపించారు. ఒకరు బూటుకాలితో తొక్కిపట్టారు, ఇంకొకరు అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు. అరికాళ్లే ఎందుకు? దెబ్బ పైకి కనబడదు, నడక మాత్రం పోతుంది. ఇది ఆవేశంలో పడిన దెబ్బ కాదు, నేర్చుకున్న విద్య. ఒక కానిస్టేబుల్ మీద దాడి చేశారన్నది ఆ యువకుల మీద ఆరోపణ. వాళ్ల పాత కేసుల చిట్టా కూడా బయటికి తీశారు. ఆ ఆరోపణ అక్షరాలా నిజమేననుకుందాం. అప్పుడు కూడా వాళ్లని అరెస్టు చేయాలి, మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, రుజువు చేసి శిక్ష వేయించాలి. భారతీయ న్యాయ సంహిత మొత్తం తిరగేసినా అరికాళ్ల మీద లాఠీ అనే శిక్ష లేదు. తారకం గారు తన జీవితమంతా చెప్పింది ఇదే: నేరం చేశాడన్న ఆరోపణ ఉన్నవాడికే చట్టం రక్షణ ఎక్కువ కావాలి.

ఆ కొట్టడం ఏప్రిల్‌లో జరిగితే వీడియో మే నెలాఖరులో బయటికొచ్చింది. నడుమ నెల రోజులు. బాధితులున్నారు, చూసిన జనం ఉన్నారు, దృశ్యం ఫోనులో ఉంది, కానీ లోకానికి సంబంధించినంతవరకు అది జరగనే లేదు. అలాంటి నెల ఎందుకు గడుస్తుందో రోడ్డు మీద ఒక్కసారైనా ఫోను ఎత్తిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు.

నా దగ్గరికొచ్చిన ఒక ఆటో డ్రైవరు సంగతి వినండి. పేరు వద్దు, స్టేషను పేరూ వద్దు. రాత్రిపూట తనిఖీలో ఒక ముసలాయన్ని ఎస్సై చెంపమీద కొడుతుంటే ఇతను ఆటోలో కూర్చునే తీశాడు. ‘ఏం తీస్తున్నావ్ రా, ఇలా ఇవ్వు’ అన్నారు. ఇచ్చాడు. లాక్ తీయమన్నారు, తీశాడు. వీడియో చెరిపేశారు. అక్కడితో ఆగలేదు. తొలగించినవి వెళ్లి చేరే ఫోల్డరు కూడా తెరిచి అక్కడా చెరిపేశారు, వాట్సాప్‌లో ఎవరికైనా పంపాడేమో చూశారు, అప్పుడు ఫోను చేతిలో పెట్టి పొమ్మన్నారు. రసీదు లేదు, పంచనామా లేదు, కేసు లేదు. నా ఎదురుగా కూర్చుని అతను అడిగింది ఒక్కటే: ‘సార్, నేను చేసింది తప్పేనా?’ కొట్టినవాడి తప్పు సంగతి అడగడానికి అతను రాలేదు. అంతదాకా అతని ఆలోచన పోనే లేదు.

అతను చేసింది తప్పు కాదు. ఎందుకు కాదో చెబుతాను. రాజ్యాంగం 19వ అధికరణం మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. సమాచారం సేకరించడం, తెలుసుకోవడం, పంచుకోవడం అందులో భాగమని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. ఆ స్వేచ్ఛకు పరిమితి పెట్టాలంటే చట్టం కావాలి. ఎస్సై గారి చిరాకు చట్టం కాదు. బహిరంగ స్థలంలో విధి నిర్వహణలో ఉన్న పోలీసుని చిత్రీకరించరాదని పార్లమెంటు గానీ మన శాసనసభ గానీ ఏ చట్టమూ చేయలేదు. పోలీసుకి కూడా వ్యక్తిగత గోప్యత ఉండదా అంటే, ఉంటుంది, ఇంటి దగ్గర. ఆటో శంకర్ కేసుగా పేరుపడ్డ 1994 నాటి రాజగోపాల్ తీర్పులో సుప్రీంకోర్టు తేల్చిన సంగతే ఇది. ప్రభుత్వోద్యోగి తన అధికార విధులకు సంబంధించిన పనుల విషయంలో గోప్యత పేరు చెప్పి అడ్డుపడలేడు.

ఇంకో మాట. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టులకు నియమాలు పెట్టినప్పుడు మొట్టమొదటి నియమం ఏమిటో గుర్తుచేసుకోండి. అరెస్టు చేసే పోలీసు తన పేరు, హోదా స్పష్టంగా కనబడే పట్టీ ధరించాలి. ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 36వ సెక్షనుగా శాసనంలోనే ఉంది. పోలీసు పేరు జనం చదవగలగాలని చట్టం కోరుతోంది. కంటితో చదవమన్న పేరుని కెమెరా చదివితే నేరం ఎలా అవుతుంది?

అధికార రహస్యాల చట్టం పేరు చెప్పి బెదిరించడం ఇంకో పద్ధతి. అది 1923 నాటి చట్టం, గూఢచర్యం ఆపడానికి వచ్చింది. మహారాష్ట్రలో వార్ధా పోలీస్ స్టేషన్లో వీడియో తీశాడని ఒకాయన మీద ఈ చట్టం కింద కేసు పెట్టారు. ఆ చట్టంలోని నిషిద్ధ స్థలాల నిర్వచనంలో పోలీస్ స్టేషన్ లేదని చెప్పి 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆ కేసు కొట్టేసింది. స్టేషన్ లోపలే ఆ చట్టం వర్తించనప్పుడు ఈ ఊరి బెంజి సర్కిల్ దగ్గర, కృష్ణలంక కట్ట మీద ఎలా వర్తిస్తుంది?

మరి ఏ సెక్షన్లు వేస్తారు? న్యాయ సంహితలో 221, ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం. 132, విధులు నిర్వర్తించనీయకుండా దాడి లేదా బలప్రయోగం. పాత శిక్షాస్మృతిలో 186, 353. పది అడుగుల దూరంలో నిలబడి ఫోను పట్టుకోవడం బలప్రయోగం కాదు, ఆటంకమూ కాదు. కానీ ఎఫ్ఐఆర్ రాసేది ఆటంకం కలిగిందన్న చెయ్యే. అది తప్పని తేలడానికి రెండు మూడేళ్లు వాయిదాలకు తిరగాలి. ఆ తిరుగుడే శిక్ష.

విలేకరుల మీద కూడా కేసులు పడ్డాయి. 2020 జనవరిలో మందడం పాఠశాలలో ఏం జరిగిందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అమరావతి రైతుల ఉద్యమాన్ని అదుపు చేయడానికి వచ్చిన పోలీసులకి పిల్లల తరగతి గదుల్లో బస ఇచ్చారు. బల్లల మీద, తాళ్ల మీద ఆరేసిన పోలీసు బట్టల్ని విలేకరులు చిత్రీకరించారు. మహిళా కానిస్టేబుల్ దుస్తులు మార్చుకుంటుండగా తీశారన్న ఆరోపణతో వాళ్ల మీద కేసు పెట్టారు. ఆ కేసులో వాడింది ఆడవాళ్ల గౌరవం కాపాడేందుకు వచ్చిన సెక్షను. ఆ రక్షణ మహిళా కానిస్టేబుళ్లకీ పూర్తిగా ఉండాలి. కానీ స్కూల్లో పోలీసుల మకాం ఎందుకన్న ప్రశ్న ఆ కేసు వెనక్కి పోయింది. చిత్రం తీసినవాడి మీద కేసు పెడితే చర్చ చిత్రంలో ఉన్నదాని నుంచి తీసినవాడి మీదికి మళ్లుతుంది. ఇది ప్రతిచోటా పనిచేసే ఎత్తుగడ.

హద్దులు లేవని నేననడం లేదు. అత్యాచార బాధితురాలి ముఖం, పోక్సో కేసులో పిల్లల ముఖం బయటపెట్టడం నేరం, నేరంగానే ఉండాలి. గుర్తింపు పరేడ్ జరగాల్సిన నిందితుడి ముఖం ముందే ఊరంతా తిప్పితే కేసు దెబ్బతింటుంది. కాల్పులు జరుగుతున్నచోట, ఉగ్రవాదుల కోసం గాలింపు జరుగుతున్నచోట బలగాల కదలికల్ని ప్రత్యక్ష ప్రసారం చేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. దూరం జరగమంటే జరగాలి. కానీ దూరం జరగమనడం వేరు, ఫోను లోపల పెట్టమనడం వేరు.

ఇక పోలీసులు మనల్ని తీయడం సంగతి. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు ఘాట్ల మీద, రోడ్ల మీద సీసీ కెమెరాలు, పైన డ్రోన్లు చూశాం. హెల్మెట్ లేని మనిషిని ట్రాఫిక్ కానిస్టేబుల్ జేబులో ఫోను తీసి అనుమతి అడక్కుండా ఫొటో కొడతాడు, చలానా ఇంటికొస్తుంది. దానికి చట్టం ఉంది, నాకు అభ్యంతరం లేదు. 2022లో వచ్చిన నేర ప్రక్రియ గుర్తింపు చట్టం కింద అరెస్టయినవాళ్ల వేలిముద్రలు, కనుపాపల కొలతలు తీసి 75 ఏళ్లు దాచిపెట్టవచ్చు. మనిషి పోయినా అతని కంటి కొలత ఉంటుంది. మరి స్టేషన్లో సీసీ కెమెరా దృశ్యాలు ఎంతకాలం ఉంచమన్నారు? 18 నెలలు. అదీ సుప్రీంకోర్టు పట్టుబట్టి చెబితే.

కెమెరా సాక్ష్యానికి పోలీసు శాఖ వ్యతిరేకమనుకుంటే పొరపాటు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి. మొబైల్ ఫోనుతో తీయడం మేలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఘటనాస్థలాన్ని వీడియో తీయాలని 176వ సెక్షను చెబుతోంది. ఫోనులో తీసిన దృశ్యం నమ్మదగిన సాక్ష్యమని శాసనమే ఒప్పుకుంది. ఆ ఫోను పోలీసు చేతిలో ఉంటే సాక్ష్యం, ఆటో డ్రైవరు చేతిలో ఉంటే ఆటంకం అనడం కుదరదు.

వీడియో ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంతో రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి.

నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్. కోవిడ్ మొదలైన రోజుల్లో మాస్కులు ఇవ్వడం లేదన్నందుకు సస్పెండయ్యారు. 2020 మే 16న విశాఖలో పోలీసులు ఆయన్ని రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టి, కొట్టి, ఆటోలో పడేశారు. తాగి గొడవ చేశాడన్నారు. దారినపోయేవాళ్లు తీసిన వీడియోలు ఆ సాయంత్రానికే ఊరూరా చేరాయి. హైకోర్టు దాకా వెళ్లాయి. కోర్టు ఒక మేజిస్ట్రేటుని ఆయన దగ్గరికి పంపి వాంగ్మూలం తీసుకుంది. ప్రభుత్వ నివేదికలో లేని గాయాలు మేజిస్ట్రేటు నివేదికలో ఉన్నాయి. మే 22న సీబీఐ దర్యాప్తుకి ఆదేశించింది. ఆరు రోజులు. మన న్యాయవ్యవస్థలో ఆరు రోజుల్లో ఇంత కదలిక ఎప్పుడైనా చూశామా? ఆయన ఆ మరుసటి ఏడాది మే నెలలో చనిపోయారు. వీడియో ఆయన్ని బతికించలేదు, పోయిన ఉద్యోగాన్నీ మనశ్శాంతినీ తెచ్చివ్వలేదు. కానీ ఆ రోజు రోడ్డు మీద ఏం జరిగిందన్నది ఒక్క పోలీసుల మాట మీదే ఆగిపోలేదు.

రెండోది మన పొరుగునే ఇబ్రహీంపట్నంలో. 2007 డిసెంబరులో హాస్టల్లో ఒక విద్యార్థినిని చంపేశారు. 2008లో నందిగామ ప్రాంతపు ఒక పేద యువకుణ్ణి పట్టుకున్నారు. నేరం ఒప్పుకున్నాడన్నారు. నడవడానికే కష్టపడే జబ్బు మనిషి అతను. 2010లో ఈ ఊరి కోర్టులోనే శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయలు ఇవ్వమంది, దర్యాప్తు చేసిన పోలీసుల తీరుని తప్పుపట్టింది. ఎనిమిదేళ్లకు పైగా జైలు. ఆ ఒప్పుకోలు ఎలా వచ్చిందో చూపించే ఒక్క నిమిషం దృశ్యం ఎవరి దగ్గరా లేదు. చనిపోయిన ఆ అమ్మాయి తల్లి మొదటి నుంచీ ఇతను కాదని చెబుతూనే ఉంది. ఆమె మాట వినడానికి కోర్టుకి తొమ్మిదేళ్లు పట్టింది.

దేశం కాని దేశంలో కూడా ఇంతే. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటనలో అదొక ఆరోగ్య సమస్య వల్ల వచ్చిన మరణంలా ఉంది. 17 ఏళ్ల డార్నెల్లా ఫ్రేజియర్ పేవ్‌మెంట్ మీద నిలబడి తీసిన వీడియో లేకపోతే అదే రికార్డుగా మిగిలేది.

రోడ్డు మీద పౌరుడి ఫోను ఉంది. స్టేషన్ లోపలికి అది పోలేదు. అక్కడ ప్రభుత్వ కెమెరాయే దిక్కు. 2020 జూలైలో తూర్పు గోదావరి సీతానగరం స్టేషన్లో ఒక దళిత యువకుణ్ణి కొట్టి గుండు గీసిన సంగతి మనకి అతని నోటి ద్వారానే తెలిసింది. అదే ఏడాది డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లో, లాకప్‌లతో సహా, చీకట్లో కూడా పనిచేసే, మాట కూడా వినబడే కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. 2025 సెప్టెంబరులో అదే కోర్టు, రాజస్థాన్ కస్టడీ మరణాల వార్త చూసి, ఈ కెమెరాలు పనిచేయడం లేదన్న విషయాన్ని మళ్లీ తనంతట తానే చేపట్టవలసి వచ్చింది. కాబట్టి మీ స్టేషన్ పరిధిలో దెబ్బలు తిన్న మనిషి మీ దగ్గరికొస్తే, మెడికల్ సర్టిఫికెట్‌తో పాటు అదే రోజు ఫుటేజీ భద్రపరచమని దరఖాస్తు పెట్టండి. ఆలస్యమైతే అది ఉండదు.

యువ లాయర్లకి, విద్యార్థులకి ఇంకొన్ని మాటలు. తీసేవాడు పోలీసులకీ వాళ్ల పనికీ అడ్డంగా వెళ్లకూడదు, నోరు జారకూడదు. తేదీ, సమయం, చోటు తన గొంతుతోనే చెబితే మేలు. పేరు పట్టీ, జీపు నంబరు పడేలా చూసుకోవాలి. ఒక్క సెకను కూడా కత్తిరించకూడదు, పాటలు అతికించకూడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, అసలు ఫైలుతో పాటుండే తేదీ వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపి, అసలు ఫోనుని అలాగే ఉంచాలి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సొచ్చినప్పుడు ఆ అసలు ఫైలే ఆధారం. పోలీసులు ఫోను తీసుకుంటామంటే స్వాధీనం చేసుకుంటున్నట్టు రాసివ్వమని అడగాలి. సురక్షా సంహిత 106వ సెక్షను కింద స్వాధీనం చేసుకుంటే మేజిస్ట్రేటుకి తెలియజేయడం వాళ్ల విధి. చెరిపేయమనే అధికారం మాత్రం ఏ సెక్షనూ ఇవ్వలేదు. కోర్టుకి రాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డుని నాశనం చేయడం న్యాయ సంహిత 241వ సెక్షను కింద నేరం, ఖాకీ వేసుకున్నవాడికైనా.

ఒక బాధ కూడా మీ ముందు పెట్టాలి. ఈ వీడియోలకి మన రాష్ట్రంలో పార్టీ రంగు అంటుకుంది. 2020లో విశాఖ వీడియో పంచినవాళ్లలో కొందరు 2025లో తెనాలి వీడియో దగ్గర ‘వాళ్లు రౌడీషీటర్లు’ అన్నారు. అప్పుడు నోరు మెదపనివాళ్లు ఇప్పుడు తెనాలికి పరుగెత్తారు. 2007 ముదిగొండ పోలీసు కాల్పులు టీవీల్లో చూసినప్పుడు, 2000లో బషీర్‌బాగ్ కాల్పులప్పుడు కూడా ఇదే చూశాం. ముఖ్యమంత్రులు మారారు, లాఠీ పట్టే తీరు మారలేదు. దెబ్బలు తిన్నవాడు ఎవరి ఓటరని చూసే మనిషి తారకం గారి పేరు ఎత్తకూడదు.

చివరిగా, చేయవలసిన పని. ఇందుకు దారి ఎక్కడో లేదు, కేరళలో ఉంది. 2011 కేరళ పోలీసు చట్టం 33వ సెక్షను రెండో ఉపసెక్షనులో, పోలీసులు చేసే ఏ చర్యనైనా జనం చట్టబద్ధంగా ఆడియో, వీడియో తీస్తుంటే ఏ పోలీసు అధికారీ అడ్డుకోరాదని రాసుకున్నారు. ఒక్క వాక్యం. ఆంధ్ర ప్రాంతంలో పోలీసు వ్యవస్థకి పునాది 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం, కుంఫిణీ మీద తిరుగుబాటు అణచిన మర్నాడు పుట్టిన చట్టం. దాంట్లో ఈ వాక్యం చేర్చమని అడుగుదాం. దానికి ఇంకో రెండు కలపమందాం: రాతపూర్వక రసీదు లేకుండా ఫోను తీసుకోరాదు. అందులోని దృశ్యాన్ని చెరిపితే ఆ అధికారి మీద కేసు పెట్టడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ముసాయిదా తెలుగులో రాసి తెచ్చాను. కాపీలు బల్ల మీద ఉన్నాయి. సవరణలు రాసి ఇవ్వండి, సంతకాలు తర్వాత. శాసనసభ సమావేశాలు మొదలయ్యేలోగా ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని ప్రతి ఎమ్మెల్యేకీ, ఏ పార్టీ అయినా సరే, చేతికే ఇద్దాం.